నల్లగొండల అమ్మోనైట్ దొరుకుతదా?

నల్లగొండ గుట్ట: మొన్న మా ఊరి రోడ్డు పక్క కంకర కుప్పల చుట్ట గీతలున్న రాయి దొరికింది. అమ్మోనైటేనా, అంటే ఎప్పుడో అంతరించిన సముద్రపు చుట్ట గుల్ల జీవి శిలాజమేనా?

పాలమూరు సారు: తమ్మీ, కంకర మన క్వారీలదైతే కాదు. మన గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏండ్లది, కరిగిన రాయి గడ్డకట్టింది. అది ఎండకు వానకు ఉల్లిగడ్డ పొరల లెక్క ఊడుతది. గీత మీద వేలు పెట్టి చూడు. నడుమ నుంచి అంచు దాకా తెగకుండ పోతే చుట్ట, మొదలైన కాడికే తిరిగొస్తే ఉత్త వలయం.

మేళ్లచెరువు: మా సున్నపురాయిల నల్లటి ఆకుల బొమ్మలు చూసి నేనూ ఏండ్ల తరబడి శిలాజాలనుకున్న. పగుళ్లల్ల మాంగనీసు పాకితే అట్ల కొమ్మలు వేస్తదట. ఆ రాయి గవ్వల జీవులు పుట్టకముందుదే.

వికారాబాద్ బండ: మా దిక్కు లావా పొరల నడుమ మంచినీటి నత్తల శిలాజాలుంటయి. నత్త చుట్ట గోపురం లెక్క పైకి లేస్తది, అమ్మోనైట్ చుట్ట చాపచుట్ట లెక్క ఒకే మట్టంల ఉంటది.

నల్లగొండ గుట్ట: తెలంగాణల అమ్మోనైట్లు బతికిన జురాసిక్ కాలపు రాళ్లే లేవా సారూ?

పాలమూరు సారు: గోదావరి దిక్కున్నయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్ల ఉన్న కోటాసారస్ డైనోసార్ అక్కడిదే. అయితే అవి నదులు, చెరువుల అడుగున పేరుకున్నయి. అమ్మోనైట్ సముద్రపు జీవి. మన దేశంల దానికి గుజరాత్ల కచ్ లాంటి చోట్లకు పోవాలె. నేను పోయినప్పుడు సగం రాళ్లకు ఏ పొరలయో రాసుకోలే, ఇప్పటికీ బాధైతది. పొర తెలియకుంటే జాతి పోల్చుడు శానా కష్టం.

వనపర్తి కోడలు: సారూ, మా అత్తమ్మ పూజల సాలగ్రామం ఉంది. అభిషేకం అయినంక తడి ఆరకముందు దీపం దగ్గర చూసిన. రంధ్రం లోపల చక్రం, దాని మీద దువ్వెన పండ్ల లెక్క సన్నటి గాట్లు, అంచుకొచ్చేసరికి ఒక్కొక్కటి రెండుగ చీలుతున్నయి. ఒళ్లు జలదరించింది.

పాలమూరు సారు: అమ్మా, అదే అమ్మోనైట్ అచ్చు! నేపాల్ల కాలీ గండకి నది హిమాలయాల జురాసిక్ నల్లరాతి ఉండలను కొట్టుకొస్తది. ఆ గాట్లు గుల్ల మీది పక్కటెముకల లాంటి గట్ల ముద్రలు. చీలే తీరును బట్టి కూడ జాతులు పోలుస్తరు. గుల్ల ఊడి లోపలి మట్టి అచ్చే మిగిలితే గుల్ల లోపలి గదుల గోడలు అతికిన చోట ఆకు అంచు లెక్క వంకర గీతలు కనిపిస్తయి. మీది గుల్ల బయటి ముద్ర, అందులో అవి రావు. పగలగొట్టొద్దు, గీకొద్దు. పక్కకు టార్చి పెట్టి ఫొటో తీయండి, పక్కన స్కేలు ఉంచండి.

వనపర్తి కోడలు: అత్తమ్మనే ముట్టాలె సారూ. శనివారం ఆమె పట్టుకుంటది, నేను టార్చి పెడత.

నల్లగొండ గుట్ట: నాది వలయమే సారూ, మొదలైన కాడికే వచ్చింది. అక్కా, ఫొటో ఇక్కడ పెట్టు, ఎదురుచూస్త.