వేర్వేరు యుగాల జాజ్ రికార్డింగులను ఒకే వరుసలో పెట్టగలమా?

నీలిస్వరం

జాజ్‌లో అత్యుత్తమ రికార్డింగులంటూ తయారయ్యే జాబితాల్లో పై స్థానాలు సాధారణంగా 1955కూ 1965కూ మధ్య వచ్చిన ఆల్బంలకే దక్కుతుంటాయి. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’, చార్లెస్ మింగస్ ‘మింగస్ ఆ ఉమ్’, డేవ్ బ్రూబెక్ ‘టైమ్ అవుట్’, ఆర్నెట్ కోల్మన్ ‘ది షేప్ ఆఫ్ జాజ్ టు కమ్’, ఈ నాలుగూ ఒక్క 1959లోనే వెలువడ్డాయి. జాన్ కోల్ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీమ్’ 1964 డిసెంబరులో రికార్డయి మరుసటి ఏడాది వచ్చింది. 1925–28 మధ్య ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన హాట్ ఫైవ్, హాట్ సెవెన్ బృందాలతో చేసినవాటికి మాత్రం, అన్నిటినీ ఒక మూటగా కట్టి, పెద్దవారికి కుర్చీ వేసినట్టు ఒక స్థానం కేటాయిస్తారు.

అయినా ఒకే వరుస సాధ్యమేనన్నది నా వాదన. విడుదలైన సంవత్సరాన్ని పక్కన పెట్టి, ఈనాటి చెవితో విని, మళ్ళీ మళ్ళీ వినాలనిపించేది ఏదో దానికే పై స్థానం ఇవ్వాలి. యుగానికొక జాబితా వేసుకోవడమంటే పోలిక నుంచి తప్పించుకోవడమే. ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 నాటి ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’కు ప్రత్యేక వర్గమనే రక్షణ అక్కరలేదు. తోడు వాద్యమేదీ లేకుండా ట్రంపెట్ ఒక్కటే ఎత్తుకునే ఆ ఆరంభం, ఎర్ల్ హైన్స్ పియానో సోలో, చివరి కోరస్‌లో (పాట చట్రాన్ని ఒకసారి పూర్తిగా చుట్టిరావడమే కోరస్) దాదాపు నాలుగు బార్ల (తాళపు ఆవర్తాల) పాటు ఆర్మ్‌స్ట్రాంగ్ కదలకుండా నిలిపి ఉంచిన ఆ పై స్వరం, ఇవన్నీ 1959 నాటి ఏ సోలో పక్కనైనా నిలబడతాయి. నా వరుసలో అది ‘కైండ్ ఆఫ్ బ్లూ’ కన్నా పైన ఉంటుంది. కాదనేవారు కారణం చెప్పాలని కోరుతున్నాను.

గ్రామఫోను

నీలిస్వరం గారు, మీ ముగింపుతో నాకు పేచీ లేదు. మీరు పోలుస్తున్న వస్తువులతోనే ఉంది. ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ ఒక డిస్కులో ఒక వైపు. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అయిదు రచనలున్న ఆల్బం. మొదటిది మూడు నిమిషాల పైచిలుకు, రెండోది ముప్పావు గంట. ఒక పద్యాన్నీ ఒక ప్రబంధాన్నీ పక్కపక్కన పెట్టి ఏది మేలని అడిగితే, ఎవరు ఏ జవాబు చెప్పినా అది పద్యం గురించో ప్రబంధం గురించో ఉండదు, నిడివి గురించే ఉంటుంది.

నిమిషానికి 78 చుట్లు తిరిగే (78 ఆర్‌పీఎం) పది అంగుళాల డిస్కు మీద వైపుకు సుమారు మూడు నిమిషాలే పట్టేది. 1948లో కొలంబియా సంస్థ ఎల్పీ (లాంగ్ ప్లే) డిస్కును ప్రవేశపెట్టాక వైపుకు ఇరవై నిమిషాలు దాటి చోటు దొరికింది. ఆల్బంను ఒకే రచనగా ఊహించే అలవాటు ఆ తరువాత స్థిరపడింది. కాబట్టి ‘అత్యుత్తమ ఆల్బంలు’ అని శీర్షిక పెట్టిన క్షణంలోనే మొదటి మూడు దశాబ్దాల సంగీతం పోటీ నుంచి తప్పుకుంటుంది. చెవి పని మొదలుకాకముందే తీర్పు సగం అయిపోతుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ రికార్డులను ఒక సంపుటిగా ఊహించలేదు. వాటిని సంపుటాలుగా కూర్చినవారు తరువాతివారు.

ఆ మూడు నిమిషాల గోడను తోసి చూసినవారు లేకపోలేదు. బ్యాండ్ నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ 1935లో ‘రెమినిసింగ్ ఇన్ టెంపో’ను నాలుగు వైపులకు పరిచి రికార్డు చేశాడు. వినేవారు రెండు డిస్కులు మార్చుకుంటూ, ప్రతి మూడు నిమిషాలకూ లేచి తిప్పుకుంటూ ఒకే రచనను వినవలసి వచ్చింది. నాటి విమర్శకుల్లో కొందరు దాన్ని తీవ్రంగా తప్పుపట్టారు. అదే రచన ఇరవయ్యేళ్ళ తరువాత ఒక ఎల్పీలో ఒక వైపుగా మొదటిసారి వచ్చి ఉంటే అంతటి ప్రతిఘటన ఉండేదని నేను అనుకోను.

అందువల్ల నా ప్రతిపాదన ఏమిటంటే, వరుస వేయాలనుకుంటే ఆల్బంలను పక్కన పెట్టి ఒక్కొక్క వాదనాన్ని, అంటే వాయించి రికార్డు చేసిన ఒక్కొక్క రచనను, విడిగా తీసుకోవాలి. ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ పక్కన ‘కైండ్ ఆఫ్ బ్లూ’లోని ‘సో వాట్’ను పెట్టండి, ఆల్బం మొత్తాన్ని పెట్టకండి. అప్పుడు మీతో చర్చించడానికి సిద్ధం.

తాళప్రియ

ఇద్దరూ ట్రంపెట్ గురించే మాట్లాడుతున్నారు. డ్రమ్ములు, బేస్ వంటివి వాయించే లయ విభాగం సంగతి ఎవరూ ఎత్తలేదు గనుక నేను ఎత్తుతున్నాను. ఈ ‘ఈనాటి చెవి’ పరీక్ష అక్కడే దెబ్బతింటుంది.

1923లో కింగ్ ఆలివర్ క్రియోల్ జాజ్ బ్యాండ్ ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో, జెన్నెట్ సంస్థ స్టూడియోలో రికార్డు చేసింది. మైక్రోఫోన్ లేదు. వాద్యకారులు ఒక పెద్ద కొమ్ము ముందు నిలబడి వాయిస్తే, ఆ ధ్వని తాకిడికే సూది కదిలి మైనంలో గాడి చెక్కేది. పెద్ద డ్రమ్ము దెబ్బకు సూది చెదురుతుందన్న భయంతో బేబీ డాడ్స్ వంటి వాద్యకారుడు చెక్క దిమ్మెల వంటి చిన్న పరికరాలకు పరిమితం కావలసి వచ్చింది. విద్యుత్ పద్ధతి 1925లో వచ్చింది. అయినా 1928లో జట్టీ సింగిల్టన్ ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’లో వాయించినది చేతితో పట్టుకునే చిన్న తాళాలనే గాని పూర్తి డ్రమ్ములను కాదు. ఇక 1964లో ‘ఎ లవ్ సుప్రీమ్’ వినండి. రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో డ్రమ్మర్ ఎల్విన్ జోన్స్ వాయించిన ప్రతి పొర, సింబల్ చివరి కంపనంతో సహా, విడివిడిగా చెవిన పడుతుంది.

మన చెవి ఈ రెండో రకం ధ్వనితో పెరిగిన చెవి. డ్రమ్ములు వినిపించడం, బేస్ గుండ్రంగా వినిపించడం సహజమనీ, అవి లేకపోవడం లోపమనీ అది ముందే నిర్ణయించుకొని కూర్చుంటుంది. బేబీ డాడ్స్ ఆ గదిలో కూర్చొని కూడా వాయించలేకపోయినదాన్ని లేనిదిగా లెక్కగట్టి కింది స్థానం ఇస్తే, మనం సంగీతానికి కాక మైనానికి మార్కులు వేసినట్టవుతుంది.

నిశితశ్రోత

మైనానికి మార్కులు వేయకూడదన్నది సరే. అయితే వినపడని డ్రమ్ములకు మార్కులు వేయమంటారా? తాళప్రియ గారి వాదనను చివరిదాకా తీసుకువెళితే, రికార్డు మీద లేనిదాన్ని మనం ఊహించుకొని, ఆ ఊహకు స్థానం ఇవ్వవలసి వస్తుంది. నేను దానికి ఒప్పుకోను. కష్టాలు పడ్డందుకు కళాకారుడి మీద గౌరవం పెరగవచ్చు గాని, ఆ కష్టం రికార్డింగును మెరుగుపరచదు.

పైగా మూడు నిమిషాల పరిమితిని మీరంతా సంకెల అంటున్నారు. కొందరి చేతిలో అదే రూపమైంది. కోల్మన్ హాకిన్స్ 1939 అక్టోబరు 11న రికార్డు చేసిన ‘బాడీ అండ్ సోల్’నే చూడండి. మొదటి కొన్ని బార్లు దాటాక పాట అసలు బాణీని దాదాపు వదిలేసి, రెండు కోరస్‌ల పాటు టెనర్ శాక్సొఫోన్ మీద ఆశువుగా అల్లుకుంటూ పోతాడు. ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ తీవ్రత పెరిగి, శిఖరం చేరిన వెంటనే ముగుస్తుంది. అందులో ఒక్క బారు తీయలేము, ఒకటి చేర్చలేము. దీనికి ఎదురుగా కోల్ట్రేన్ 1961 నవంబరులో విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో వాయించిన ‘చేసిన్ ది ట్రేన్’ను పెడతాను. సుమారు పదహారు నిమిషాలు, ఎల్పీలో ఒక వైపంతా. నాకు ప్రాణసమానమైన రికార్డింగే అయినా అందులో కోల్ట్రేన్ వెతుకులాట వినపడుతుంది. దొరికినవీ దొరకనివీ రెండూ ఉంటాయి. హాకిన్స్‌ను పైన పెట్టడానికి నాకు యుగం గురించిన దయాదాక్షిణ్యాలేవీ అవసరం లేదు. నీలిస్వరం గారు చెప్పిన పరీక్ష ఇక్కడ చక్కగా పనిచేసింది.

రెండోవైపు

తరువాతి సంగీతం మీద రికార్డు వేసిన ప్రభావాన్ని కొలమానంగా పెట్టాలని ఎవరూ ఇంకా అనకపోవడం సంతోషం. అయినా ఎప్పుడో ఒకప్పుడు అది వస్తుంది కనుక ముందే అడ్డు చెబుతున్నాను.

అమెరికా వాద్యకారుల సంఘం 1942 ఆగస్టు 1 నుంచి రికార్డింగులను నిషేధించింది. డెకా సంస్థ మరుసటి ఏడాదే రాజీకి వచ్చినా, విక్టర్, కొలంబియా సంస్థలు 1944 నవంబరు దాకా దిగిరాలేదు. సరిగ్గా ఆ కాలంలోనే బీబాప్ అనే కొత్త జాజ్ శైలి రూపుదిద్దుకుంది. 1943లో ఎర్ల్ హైన్స్ పెద్ద బ్యాండ్‌లో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ కలిసి వాయించారు. ఆ బ్యాండ్ అప్పుడు స్టూడియో గడప తొక్కలేదు. తీరా 1945 నవంబరు 26న సవాయ్ సంస్థకు పార్కర్ ‘కో-కో’ రికార్డు చేసేసరికి, అది ఆకాశం నుంచి ఊడిపడినట్టు కనిపిస్తుంది. దాన్ని ‘విప్లవాత్మకం’ అని జాబితాలో పైన పెట్టేవారు పొగిడేది పార్కర్ వేగాన్నీ ఊహనూ మాత్రమే కాదు, తమకు తెలియకుండానే నిషేధం మిగిల్చిన ఖాళీని కూడా పొగుడుతుంటారు. మధ్యలోని మెట్లు రికార్డయి ఉంటే అదొక మెట్టుగా కనిపించేది.

గ్రామఫోను

నిశితశ్రోత గారు హాకిన్స్‌ను తెచ్చారు. ఆ ఉదాహరణ బలమైనది, కాదనను. కాని అది పరిమితిని రూపంగా మలచుకున్న ఒకరి గురించి చెబుతుంది. పరిమితి వల్ల మనకు వినపడకుండా పోయినవారి గురించి చెప్పదు. అలాంటి ఒకరిని రెండు పరిస్థితుల్లోనూ వినే అవకాశం అదృష్టవశాత్తూ మనకుంది.

చార్లీ క్రిస్టియన్ బెన్నీ గుడ్‌మన్ సెక్స్‌టెట్‌తో (ఆరుగురి బృందంతో) 1939 నుంచి చేసిన స్టూడియో రికార్డుల్లో ఎలక్ట్రిక్ గిటారు సోలోలు చిన్నవి, నగిషీ పనిలా పొందికైనవి. 1941లో హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్ అనే క్లబ్బులో జెర్రీ న్యూమన్ అనే విద్యార్థి తన సొంత డిస్కు యంత్రం మీద అదే క్రిస్టియన్‌ను పట్టుకున్నాడు. అక్కడ కోరస్ మీద కోరస్ పేర్చుకుంటూ, బార్ల గీతలను దాటి వాక్యాలను సాగదీస్తూ, వేరే మనిషేమోనన్నంత తేడాగా వాయిస్తాడు. ధ్వని మాత్రం గరగర. వెనక జనం మాటలు వినపడుతుంటాయి. మరుసటి ఏడాది మార్చిలో, పాతికేళ్ళ వయసులో, ఆయన చనిపోయాడు.

ఇప్పుడు చెప్పండి. ఒకే మనిషి, దాదాపు ఒకే కాలం. ఆ యంత్రం అక్కడ లేకపోయి ఉంటే, స్టూడియో రికార్డులను మాత్రమే విని ఆయనకు స్థానం ఇచ్చేవాళ్ళం, ‘రికార్డు మీద ఉన్నదానికే మార్కులు’ అని తృప్తి పడేవాళ్ళం కూడా. ఆ స్థానం ఆయన కళకు సరిపోయేది కాదని మనకిప్పుడు తెలుసు. అదే కాలపు మిగతావారి విషయంలో అలాంటి యంత్రం లేదు. వారికి మనం ఇస్తున్న స్థానాలను ఎంత ధైర్యంతో నమ్మాలి?

నిశితశ్రోత

నమ్మనక్కరలేదు. మీరు చెబుతున్నది కళాకారుల వరుస గురించి. ఈ చర్చ రికార్డింగుల వరుస గురించి. మింటన్స్ రికార్డింగు మనకు ఉంది, దాన్ని గరగరతో సహా పైన పెడదాం. తొలితరం జాజ్ కళాకారుడు బడ్డీ బోల్డెన్ ఒక్క రికార్డింగు కూడా మిగలలేదు కనుక ఆయన ఈ వరుసలోకి రాడు. అది విషాదమే గాని అన్యాయం కాదు.

నీలిస్వరం

గ్రామఫోను గారి షరతును అంగీకరిస్తున్నాను. ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ పక్కన ‘సో వాట్’నే పెడతాను, నా ఓటు మారదు. అయితే ఆ షరతు మీకూ ఇబ్బంది తెస్తుందని గమనించారా? ‘ఒక్కొక్క వాదనం’ అనేది 1928లో స్పష్టమైన వస్తువు. ఆరుగురు ఒక గదిలో వాయించారు, అదే డిస్కు మీదికి ఎక్కింది. టేపు వచ్చిన తరువాత అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడం కష్టం.

1969 ఆగస్టులో రికార్డయిన మైల్స్ డేవిస్ ‘బిచెస్ బ్రూ’ ఉంది. అందులో ‘ఫారోస్ డాన్స్’ను నిర్మాత టియో మసేరో టేపును ఎన్నోచోట్ల కోసి అతికించి తయారు చేశాడు. మనం వినే రూపంలో దాన్ని ఏ గదిలోనూ ఎవరూ ఆసాంతం వాయించలేదు. దాన్ని హాకిన్స్ రెండు కోరస్‌లతో ఏ ప్రాతిపదికన పోలుస్తారు? అసలు ‘కైండ్ ఆఫ్ బ్లూ’ విషయంలోనే, మొదటి వైపు రికార్డు చేసిన యంత్రం వేగంలో తేడా ఉన్నందున, మూడు దశాబ్దాలకు పైగా శ్రోతలు ఆ మూడు రచనలనూ ఉండవలసిన శ్రుతి కన్నా కొద్దిగా పైన విన్నారు. 1992 నాటి పునర్విడుదలలో గాని దాన్ని సరిచేయలేదు. అంతకుముందు దానికి మొదటి స్థానం ఇచ్చినవారు ఏ ‘సో వాట్’కు ఇచ్చారో వారికే తెలియదు!

ఈ రెండూ చిన్నవనుకుంటే, ఎల్లింగ్టన్ 1956 న్యూపోర్ట్ ఆల్బంను తీసుకోండి. ఎల్లింగ్టన్ బ్యాండ్‌లోని శాక్సొఫోన్ వాద్యకారుడు పాల్ గొన్సాల్వెస్ ఇరవై ఏడు కోరస్‌లు వాయించిన కచేరీ అది. ఆ సోలోను అతడు కొలంబియా మైక్రోఫోన్‌లోకి కాక పక్కనున్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైక్రోఫోన్‌లోకి వాయించినందున ఎల్పీలో అది దూరంగా వినపడుతుంది. పైగా ఆ ఎల్పీలో గణనీయమైన భాగాన్ని తరువాత స్టూడియోలో మళ్ళీ వాయించి, చప్పట్లు కలిపారు. 1999లో వాయిస్ ఆఫ్ అమెరికా టేపును కొలంబియా టేపుతో జోడించి అసలు కచేరీని విడుదల చేశారు. నిశితశ్రోత గారి ‘రికార్డు మీద ఉన్నదే’ సూత్రం ప్రకారం ఈ రెంటిలో ఏది వరుసలోకి వస్తుంది? 1956లో శ్రోతలను కదిలించిన ఎల్పీనా, ఆ రాత్రి నిజంగా జరిగినదానికి దగ్గరగా ఉన్న 1999 ప్రతినా?

నిశితశ్రోత

రెండూ వస్తాయి, రెండు వేర్వేరు స్థానాల్లో. 1999 ప్రతి పైన ఉంటుంది. గొన్సాల్వెస్ అందులోనే దగ్గరగా వినపడతాడు కనుక.

తాళప్రియ

అంటే అదే మనిషి, అదే రాత్రి, అవే ఇరవై ఏడు కోరస్‌లు. మైక్రోఫోన్ మారితే స్థానం మారుతుందని మీరే ఒప్పుకున్నారు. మరి బేబీ డాడ్స్ విషయంలో ఇందాక ఎందుకు ఒప్పుకోలేదో వివరించగలరా?