మంకీపాక్స్ క్లిప్ చూసి నాన్న తమ్ముణ్ణి దూరం పెడుతున్నారు, ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. మా తమ్ముడు గే. ఇంట్లో చెప్పాక నాన్న మెల్లగా సర్దుకున్నారు. ఈమధ్య ఎవరో వాట్సాప్‌లో 2022 నాటి మంకీపాక్స్ (ఒంటి మీద పుండ్లు వచ్చే అంటువ్యాధి) టీవీ క్లిప్ పంపారు. 'స్వలింగ సంపర్కుల జబ్బు' అని ఎర్ర అక్షరాల్లో స్క్రోలింగ్. మొన్న ఆదివారం వాడు వస్తే నాన్న వాడి కంచం, స్టీలు గ్లాసు విడిగా కిటికీలో పెట్టించారు. వాడు ఒక్క మాట అనలేదు. గ్లాసు కడిగి, అక్కడే బోర్లించి వెళ్లిపోయాడు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు.

ఆ ఏడాది చాలా దేశాల్లో కేసులు ఎక్కువగా గే పురుషుల్లోనే బయటపడ్డాయి. అది దాచాలని నేను అనను. కానీ పుండ్లున్న మనిషిని తాకినా, వాళ్ల దుప్పటి వాడినా ఎవరికైనా రావచ్చు. ఇలాంటి రాతలు వద్దని ఎయిడ్స్ మీద పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్‌ఎయిడ్స్ ఆ మే నెలలోనే హెచ్చరించింది. నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంపాక్స్ అనే కొత్త పేరు పెట్టింది. ఎయిడ్స్‌కీ 1982లో ముందు గేల జబ్బు అనే అర్థం వచ్చే పేరే వాడారు, ఆ మచ్చ ఇంకా పోలేదు.

ఇదంతా చెప్తే నాన్న "టీవీలో అబద్ధం చెప్తారా?" అంటున్నారు. డాక్టర్లు తెలుగులో తేలిగ్గా వివరించిన వీడియో ఏదైనా ఉందా? మీ ఇంట్లో ఇలాంటిది దాటినవాళ్లు పెద్దవాళ్లతో మాట ఎలా మొదలుపెట్టారు? దసరాకి వాడు మళ్లీ వస్తాడు.