ఆల్బుమిన్ మైక్రోబబుల్స్ ఫాంటమ్‌లో నిమిషం కూడా నిలవడం లేదు, ఎందుకు?

సింధు, బెంగళూరు:
అందరికీ నమస్కారం. ఇక్కడ బయోమెడికల్‌లో ఎంటెక్ చేస్తున్నాను. అల్ట్రాసౌండ్ స్కాన్‌లో రక్తం మెరిసి కనబడేందుకు వాడే మైక్రోబబుల్స్, అంటే సన్నటి పొర ఉన్న అతిచిన్న గ్యాస్ బుడగలు, నా ప్రాజెక్టు. 5 శాతం బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్) ద్రావణంలో, సోనికేటర్ (శబ్ద తరంగాలతో ద్రవాన్ని కుదిపే పరికరం) కొనను సరిగ్గా ద్రవం పైఅంచు దగ్గర పెట్టి గాలి బుడగలు చేస్తున్నాను. చిక్కటి పాలలా వస్తాయి. మైక్రోస్కోపు కింద చాలావరకు 3, 4 మైక్రాన్లే, అంటే ఎర్ర రక్తకణం కన్నా చిన్నవి. చూస్తుంటే ఎంత ముచ్చటేస్తుందో! ఫ్రిజ్‌లో బాగానే ఉంటాయి. కానీ ఫాంటమ్ (శరీరానికి బదులు స్కాన్ చేసే నమూనా) ట్యూబులోకి ఎక్కించగానే స్క్రీన్ ఒక్కసారి తెల్లగా వెలిగి, నిమిషంలోపే నల్లబడుతోంది. ట్యూబులో వేరే బుడగలు ఉండకూడదని నీళ్లు మరిగించి, వాక్యూమ్ పెట్టి గాలంతా తీసేశాను. గైడ్ గారు లిపిడ్ (కొవ్వు) పొరకి మారమంటున్నారు. నాకు ప్రొటీన్‌ని వదలాలని లేదు. లోపం పొరదా, గ్యాస్‌దా?

రమణ, చెన్నై:
సింధు గారూ, ముందు ఆ నీళ్లు మార్చండి. గాలి తీసేసిన నీళ్లు మీ బుడగల్లోని గాలినే లాగేసుకుంటాయి. ఆల్బుమిన్ పొర మందం పదుల నానోమీటర్లలోనే ఉంటుంది, గాలిని ఎక్కువసేపు ఆపలేదు. రాత్రంతా మూత లేకుండా ఉంచిన సెలైన్‌తో ఇదే ప్రయోగం చేసి చూడండి, తేడా తెలుస్తుంది.

పొరను మాత్రం తక్కువగా అంచనా వేయకండి. సోనికేషన్‌లో పుట్టే సూపరాక్సైడ్ (చురుకైన ఆక్సిజన్ రూపం) వల్ల ఆల్బుమిన్‌లోని సిస్టీన్ల (గంధకం ఉన్న అమైనో ఆమ్లాల) మధ్య డైసల్ఫైడ్ బంధాలు ఏర్పడి, అణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయని రసాయన శాస్త్రవేత్త కెన్నెత్ సస్లిక్ బృందం చూపించింది. అందుకే అది లిపిడ్ కన్నా గట్టిగా ఉంటుంది. 1994లో అమెరికాలో అనుమతి పొందిన ఆల్బునెక్స్ అనే అల్ట్రాసౌండ్ కాంట్రాస్ట్ మందు కూడా మీ బుడగల్లాంటిదే: ఆల్బుమిన్ పొర, లోపల గాలి. గుండె ఎడమవైపుకి చేరేసరికి చాలామందిలో దాని మెరుపు చాలేది కాదు. తర్వాత 1997 చివర్లో వచ్చిన ఆప్టిసన్‌లో పొర ఆల్బుమినే, గ్యాస్ మాత్రం ఆక్టాఫ్లోరోప్రొపేన్. అది రక్తంలో చాలా తక్కువగా కరుగుతుంది. మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

సింధు, బెంగళూరు:
చాలా థాంక్స్ రమణ గారూ, నీళ్ల సంగతి నాకు అస్సలు తట్టలేదు. ఇంకో వివరం: సూది 26 గేజ్, మెకానికల్ ఇండెక్స్ (ఎంఐ, అల్ట్రాసౌండ్ ఒత్తిడి తీవ్రతను చెప్పే అంకె) 1.0.

పద్మజ, ఎకో టెక్నీషియన్, బెంగళూరు:
అమ్మా సింధూ, ఆ రెండూ తగ్గించాల్సినవే. సన్న సూదిలోంచి గట్టిగా లాగినా, తోసినా ఒత్తిడి మారి పొర పగులుతుంది. 18 గేజ్ పెట్టి (గేజ్ అంకె తగ్గితే సూది లావు) నెమ్మదిగా లాగు. ఆప్టిసన్ వయల్‌లోకి గాలి ఎక్కించకూడదని, ఇంకో సూదితో వెంట్ ఇవ్వాలని రాసేది కూడా అందుకే. కాసేపు కదపకుండా ఉంచితే బుడగలు పైకి తేలి తెల్లటి పొర కడతాయి, కింద తేటగా మిగులుతుంది. సీసా తలకిందులు చేసి మెల్లగా తిప్పాలి, గట్టిగా కుదపకూడదు. సిరంజిలోకి తీశాక నిమిషం దాటితే మళ్లీ కలపాలి.

ఎంఐ 0.2 దగ్గర మొదలుపెట్టు. గట్టి పొర కాబట్టి ఆ ఒత్తిడికి లిపిడ్ అంత బాగా ఊగదు, మెరుపు కాస్త తక్కువే వస్తుంది, కంగారుపడకు. ఎంఐ పెంచితే పొర పగిలి గ్యాస్ బయటికి పోతుంది. లిపిడ్ మళ్లీ కొంత అతుక్కుంటుంది, ప్రొటీన్ అలా కాదు.

ఇంకోటి, నీ రిపోర్టులో పెట్టుకో: ఆల్బుమిన్ పడనివాళ్లకి ఈ రకం ఇవ్వకూడదు. కొన్ని లిపిడ్ బుడగల్లో ఉండే పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) పడనివాళ్లకి మాత్రం, అది లేని ఆప్టిసన్ లాంటిది డాక్టర్లు ఆలోచించే దారుల్లో ఒకటి. గైడ్ గారు లిపిడ్ అన్నప్పుడు ఈ మాట చెప్పు.