ఐఆర్ఏ తుపాకీ పట్టడం న్యాయమేనా?

కావలి కుర్రోడు: ఉత్తర ఐర్లండ్ గురించి నిన్న ఇంట్లో పెద్ద వాదన. అక్కడ బ్రిటిష్ పాలన పోవాలని తుపాకీ పట్టిన సంస్థ ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ). 1972 జనవరి 30న అక్కడి డెర్రీ నగరంలో పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపింది. ఆ రోజే 13 మంది పోయారు. బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పింది 2010లో! అంతవరకూ ఆ ఊరి కుర్రాళ్ళు ఏం చేయాలి? ఐఆర్ఏలో చేరడం తప్పని నేననను.

సింగరాయకొండ: ప్రకాశం పంతులు 1928లో మద్రాసులో తుపాకీకి ఛాతీ చూపించారు. ఆయన తుపాకీ పట్టలేదు.

పెన్న ఒడ్డు: అల్లూరి పట్టాడు కదా. 1922లో చింతపల్లి స్టేషన్ మీద పడింది తుపాకుల కోసమే.

దోర్నాల: డెర్రీలో సైన్యం చేసింది హత్యే. అదే ఏడాది జులై 21న బెల్‌ఫాస్ట్‌లో ఐఆర్ఏ గంటన్నరలోపు ఇరవై దాకా బాంబులు పేల్చింది. 9 మంది చచ్చిపోయారు. షాపుల దగ్గర నిలబడ్డవాళ్ళు డెర్రీలో ఎవరిని కాల్చారు?

కావలి కుర్రోడు: ముందే ఫోన్ చేసి చెప్పారన్నా. ఖాళీ చేయించాల్సింది సైన్యం.

దోర్నాల: అన్ని బాంబులు ఒకేసారి పెడితే ఎవరు ఖాళీ చేయించగలరు?

కావలి కుర్రోడు: చెప్పారా, లేదా? అది చెప్పండి.

ఒంగోలు గిత్త: 1998 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్‌లోనే ఓమా అనే ఊళ్ళో బాంబు పెట్టినప్పుడు కూడా ఫోన్ చేశారు. చెప్పిన చోటు తప్పు. పోలీసులు జనాన్ని తీసుకెళ్ళి బాంబు ఉన్న వైపే నిలబెట్టారు. 29 మంది పోయారు.

కావలి కుర్రోడు: అది ఐఆర్ఏ నుంచి విడిపోయిన చీలిక వర్గం పని, శాంతి ఒప్పందం తర్వాత. దీంట్లో కలపొద్దు. మా నాన్నని ఎవరో చేసిన దొంగతనానికి స్టేషన్‌లో 3 రోజులు కొట్టారు. ఇప్పటికీ కుడి చెయ్యి పైకి లేవదు. ఒక్కరూ తప్పయిందనలేదు. ఆ కోపం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

దోర్నాల: నీకొక్కడికే ఉందా కోపం? ఇన్‌ఫార్మర్ అని చెప్పి అర్ధరాత్రి మా బాబాయిని లేపి తీసుకెళ్ళారు. తెల్లారి చెరువుకట్ట మీద పడి ఉన్నాడు. బెల్‌ఫాస్ట్‌లోనూ 1972లో పదిమంది పిల్లల తల్లిని ఇదే మాటతో ఐఆర్ఏ ఎత్తుకెళ్ళింది. ఆమె శవం 2003లో సముద్రం ఒడ్డున దొరికింది.

కావలి కుర్రోడు: బాధగానే ఉందన్నా. కానీ ఇన్‌ఫార్మర్ల వల్ల ఎంతమంది దొరికిపోయి చచ్చారో కూడా చూడాలి.

దోర్నాల: నోరు అదుపులో పెట్టుకో. మా బాబాయి ఇన్‌ఫార్మరని నీకెవరు చెప్పారు?

పెన్న ఒడ్డు: ఇద్దరూ కాసేపు ఆగండి.

దోర్నాల: ఆగను. సైనికుణ్ణి కాల్చారని కాదు నా గొడవ. ఆ రోజు మా బాబాయి ఒంటి మీద కాగితం పెట్టి పోయారు, 'ప్రజల తరఫున' అని. ఆ ప్రజల్లో మేమూ ఉన్నాం. మమ్మల్ని ఎవరు అడిగారు?

కావలి కుర్రోడు: ముందే అడిగి ఎవరూ తిరగబడరన్నా. 1916లో డబ్లిన్‌లో బ్రిటన్ మీద లేచినవాళ్ళకీ ఎవరూ ఓటు వేయలేదు. 1918 ఎన్నికల్లో ఐర్లండ్ స్వాతంత్ర్యం కోరిన సిన్ ఫేన్ పార్టీకి 105 సీట్లలో 73 వచ్చాయి. జనం తర్వాత ఒప్పుకున్నారు.

దోర్నాల: తర్వాత ఒప్పుకోకపోతే? పోయినవాడు లేచి వస్తాడా? 1998లో శాంతి ఒప్పందం మీద ఉత్తర ఐర్లండ్ జనాన్ని అడిగారు. 71 శాతం అవునన్నారు. ముప్పై ఏళ్ళు, మూడున్నర వేల ప్రాణాలు పోయాక అడిగారు.

కావలి కుర్రోడు: మీ బాబాయి గురించి ఆ మాట అనకుండా ఉండాల్సింది. క్షమించండి. కానీ మా నాన్న విషయంలో నన్నూ ఎవరూ అడగలేదన్నా. ఆ కాగితం మీ దగ్గర ఉందా?

దోర్నాల: లేదు, పోలీసులు తీసుకెళ్ళారు. అందులో మా బాబాయి పేరు కూడా తప్పే రాశారు.