మొదటి ట్రాక్ డేకి రోజువారీ స్విఫ్ట్: మద్రాస్ ట్రాక్‌కి వెళ్ళేముందు ఏమేం చేయించాలి?

స్విఫ్ట్_సారథి (హైదరాబాద్)

అందరికీ నమస్తే. వచ్చే నెల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో, అంటే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ట్రాక్‌లో, ఒక ట్రాక్ డేకి (సొంత బండిని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు) పేరిచ్చాను. బండి 2019 స్విఫ్ట్ పెట్రోల్, 46,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ ఆఫీసుకి వెళ్ళేది దాన్లోనే. ఇక్కణ్ణుంచి నేనే నడుపుకుంటూ వెళ్ళి, మర్నాడు అదే బండిలో ఇంటికి రావాలి. రీమ్యాప్ చేయించు (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం), ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే దారి) మార్పించు అని ఫ్రెండ్స్ అంటున్నారు. చేతిలో ఇరవై వేలున్నాయి. ఎక్కడ ఖర్చు పెట్టమంటారు? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

గోదారి_గేర్‌బాక్స్ (రాజమండ్రి)

తమ్ముడూ, రీమ్యాప్ మాట మర్చిపో. ఉన్న డబ్బు ముందు బ్రేకుల మీద పెట్టు.

నా మొదటి ట్రాక్ డేలో ఏం జరిగిందో చెప్తాను. బండి పోలో జీటీ టీఎస్ఐ. వెళ్ళేముందు సర్వీసింగ్ చేయించాను. బ్రేక్ ఆయిల్ చూడమంటే మెకానిక్ మూత తీసి చూసి "నిండుగా ఉంది సార్" అన్నాడు. నిండుగానే ఉంది, కానీ అది నాలుగేళ్ళ నాటి ఆయిల్. ట్రాక్ మీద మూడు ల్యాపులు బ్రహ్మాండంగా నడిచింది. నాలుగో ల్యాపులో మెయిన్ స్ట్రెయిట్ చివర బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా దిగిపోయి ఫ్లోర్‌కి ఆనింది. గబగబా రెండు మూడుసార్లు కొడితే కొంచెం పట్టింది. గేర్లు దించుకుంటూ ఎలాగో మలుపు తిరిగాను. ఆ రెండు సెకన్లు ఇప్పటికీ నాకు గుర్తే.

బ్రేక్ ఆయిల్ గాలిలో ఉన్న తేమను పీల్చుకుంటుంది. అందుకే డబ్బా మీద రెండు రకాల మరిగే ఉష్ణోగ్రతలు చెప్తారు. డాట్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు. డాట్ 3 కొత్తదైతే కనీసం 205 డిగ్రీలు, తేమ పట్టాక 140. డాట్ 4 అయితే 230, 155. డాట్ 5.1 అయితే 260, 180. ఊళ్ళో తిరిగేటప్పుడు ఆ 140 దాకా ఎప్పుడూ పోదు కాబట్టి పాత ఆయిల్ అని మనకు తెలీదు. ట్రాక్ మీద మరుగుతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. మన కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది, ప్యాడ్లను డిస్కుకి నొక్కే కాలిపర్‌కి అందదు.

నువ్వు చేయాల్సింది: సీలు తీయని కొత్త డబ్బా డాట్ 4 లేదా 5.1 కొను. నాలుగు చక్రాల దగ్గరా పాత ఆయిల్ పూర్తిగా పోయి కొత్తది వచ్చేదాకా బ్లీడింగ్ చేయించు. పక్కన నిలబడి చూడు. డాట్ 5 అని ఉంటే మాత్రం ముట్టుకోకు, అది సిలికాన్, మన బండ్లకి పనికిరాదు. పేరు 5.1 కి దగ్గరగా ఉంటుంది, షాపువాడు పొరపాటున ఇచ్చేస్తాడు.

వైజాగ్_మెకానికల్ (విశాఖపట్నం)

అన్నయ్య చెప్పినదానికి లెక్క జతచేస్తాను. స్విఫ్ట్, మనిషి, పెట్రోలు అన్నీ కలిపి వెయ్యి కిలోలు అనుకుందాం. గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వస్తూ 70 కి దించితే బ్రేకుల్లోకి దాదాపు 570 కిలోజౌళ్ళ వేడి దిగుతుంది. 30 డిగ్రీల నీళ్ళు రెండు లీటర్లు పొయ్యి మీద మరగాలంటే ఇంచుమించు అంతే కావాలి. అదంతా మూడు సెకన్లలోపు, ఎక్కువ భాగం ముందు రెండు డిస్కుల మీద. ఊళ్ళో 80 వేగం నుంచి పూర్తిగా ఆపినా 250 కిలోజౌళ్ళు మించదు, ఆ తర్వాత చల్లారడానికి కావలసినంత టైముంటుంది. ట్రాక్‌లో అరనిమిషం తిరక్కుండానే ఇంకో మలుపు వస్తుంది. ఈ ట్రాక్ 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. ఒక సెషన్లో, అంటే ట్రాక్ మీదకి వదిలే ఒక విడతలో, ఎన్నిసార్లు తొక్కుతావో లెక్కేసుకో.

అందుకని నా సలహా: మొదటి ల్యాపు నెమ్మదిగా, తర్వాత మూడు నాలుగు ల్యాపులు గట్టిగా, ఆ పైన ఒక ల్యాపు బ్రేకు దాదాపు వాడకుండా చల్లార్చుకుంటూ పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటు).

ఓరుగల్లు_ఐ20 (వరంగల్)

టైర్ల ముచ్చట ఎవ్వరూ ఎత్తుతలేరు, నేను చెప్త. పోయినేడు నేను గూడ పోయిన. నా టైర్ల మీద గాడి మంచిగనే ఉండె, గానీ ఆరేండ్ల పాతవి. మూడో సెషన్ల ముందటి ఎడమ టైరు అంచు కాడ రబ్బరు పెచ్చులు పెచ్చులుగ లేచొచ్చింది. పక్క గోడ మీద చిన్న గుండ్రటి డబ్బాల నాలుగంకెలు ఉంటయి, చూసుకో. 2319 అని ఉంటే 2019ల 23వ వారం తయారైందని. నీ బండి 2019ది గదా, ఫ్యాక్టరీ టైర్లే ఇంకా ఉన్నయా? ఉంటే రీమ్యాప్ పైసలు దీనికి పెట్టు అన్నా.

గాలి 40 కొట్టుకొని పో, అంచులు అరగవు.

గోదారి_గేర్‌బాక్స్

టైరు వయసు మాట నూటికి నూరుపాళ్ళు నిజం. గాలి విషయంలో మాత్రం ఒప్పుకోను. చల్లగా ఉన్నప్పుడు 40 పెడితే నాలుగు ల్యాపులకి 45 దాటుతుంది. అప్పుడు టైరు ఉబ్బి మధ్యలో మాత్రమే రోడ్డుకి ఆనుతుంది, పట్టు పోతుంది. పొద్దున డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నదే పెట్టు. సెషన్ అయి పిట్‌లోకి రాగానే వేడి మీద కొలువు. ఐదారు పీఎస్ఐ పెరిగి ఉంటుంది, కొంచెం దించు. ఎంత దించాలో టైరే చెప్తుంది: టైరు అంచు మీదుగా పక్క గోడ దాకా చాక్‌పీసుతో అడ్డంగా గీత గీసి పంపు. గీత పక్క గోడ మీద కూడా చెరిగిపోతే గాలి తక్కువైనట్టు, అంచు మీద చెక్కుచెదరకుండా ఉంటే ఎక్కువైనట్టు. సొంత గేజి ఒకటి కొనుక్కో. రాత్రికి హైవే ఎక్కేముందు మళ్ళీ స్టిక్కర్ లెక్కకి గాలి నింపడం మర్చిపోకు.

ఓరుగల్లు_ఐ20

చాక్‌పీసు సంగతి నాకు తెల్వదన్నా. వచ్చేసారి గట్లనే చేస్త. 40 మాట వాపసు తీసుకుంటున్న.

టీచరమ్మ_టీఎస్ఐ (గుంటూరు)

సారథి గారూ, నేను మూడుసార్లు వెళ్ళాను. ఎవరూ చెప్పక నేను నష్టపోయిన విషయం హ్యాండ్‌బ్రేక్. సెషన్ అయ్యాక పిట్‌లో ఆపి, రోజూ అలవాటు కదా, హ్యాండ్‌బ్రేక్ లాగాను. నాకు వెనక కూడా డిస్కులే. కాలిపోతున్న డిస్కుని ప్యాడ్లు పట్టుకుని అక్కడే ఉండిపోయాయి. ఆ తర్వాత ఇంటికొచ్చేదాకా బ్రేకు వేసినప్పుడల్లా అదురే. మీకు వెనక డ్రమ్ములే అయినా అదే పద్ధతి పాటించండి: గేర్‌లో పెట్టి, చక్రం కింద చెక్క దిమ్మ పెట్టండి. ఆపాక బ్రేక్ పెడల్ మీద కాలు కూడా ఉంచొద్దు.

డ్రైవర్ వైపు మ్యాట్ తీసేయండి. డ్యాష్‌బోర్డ్ మీద దేవుడి బొమ్మతో సహా ఊడే వస్తువేదీ ఉండకూడదు. సీటు కిందకి దొర్లిన నీళ్ళ సీసా ఒక్కటి పెడల్ కిందికి వస్తే చాలు. స్టెప్నీ, జాకీ అక్కడికి వెళ్ళాక దించి పిట్‌లో పెట్టుకోవచ్చు. వీల్ క్యాప్స్ ఊడదీయండి, వేడికి వదులై ఎగిరిపోతాయి. టో హుక్ (బండి ఆగిపోతే తాడు కట్టి లాగే కొక్కెం) ముందే ఒకసారి బిగించి చూసుకోండి. నా బండికి అది ఎడమ మర (ఎడమకి తిప్పితే బిగిసేది) అని అవసరం పడ్డాక తెలిసింది.

హెల్మెట్ ఫుల్ ఫేస్‌ది, ఏ ప్రమాణం కావాలో నిర్వాహకులను ముందే అడగండి. పొడుగు చేతుల కాటన్ చొక్కా, పల్చటి అట్ట ఉన్న బూట్లు.

జెండాలు ఇంటి దగ్గరే కంఠస్థం చేయండి. పసుపు అంటే ముందు ప్రమాదం, దాటడం నిషేధం. ఎరుపు అంటే సెషన్ ఆగింది, నెమ్మదిగా పిట్‌కి. నీలం అంటే వెనక వేగంగా బండి వస్తోంది, దారివ్వాలి. పసుపు మీద ఎర్ర చారలుంటే రోడ్డు జారుతోంది. నల్లది మీకే చూపిస్తే పిట్‌కి రమ్మని. వెళ్ళిన మొదటి రోజు నేను మలుపు మీదే కళ్ళు పెట్టి పసుపు జెండా చూడనేలేదు. మార్షల్ పిలిచి మందలించాడు, అతని తప్పేమీ లేదు.

నెల్లూరు_నాలుగుచక్రాలు

ఒక్క మాట. ఇన్సూరెన్స్ కాగితం తీసి "వాడకంపై పరిమితులు" అన్న చోట చదువుకో. నిర్వహించే పందాలు, పేస్ మేకింగ్, రిలయబిలిటీ ట్రయల్స్, స్పీడ్ టెస్టింగ్ వీటికి పాలసీ వర్తించదని ఉంటుంది. అక్కడ గోడకి తగిలితే ఖర్చు మనదే అనుకుని వెళ్ళాలి. నేను ఇంట్లోవాళ్ళకి ఆ సంగతి చెప్పే వెళ్తాను.

లత_టెక్సస్

ఇక్కడ ట్రాక్ డేలకి ఒక్క రోజు ఇన్సూరెన్స్ విడిగా దొరుకుతుంది. ఆస్టిన్‌లో సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌కి మా ఆయన, నేను వెళ్ళాం. 5.513 కిలోమీటర్లు, 20 మలుపులు. కొత్తవాళ్ళ పక్క సీట్లో రోజంతా ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటారు. నాకు ఏ పార్టు మార్చినా రానంత తేడా ఆయన ఒక్క మాటతో వచ్చింది: "బానెట్ చూడకు, మలుపు ఎక్కడ తెరుచుకుంటుందో అక్కడ చూడు." మీ దగ్గర అలాంటివాళ్ళు దొరికితే ఇరవై వేలలో ఐదు వేలు వాళ్ళకివ్వండి.

స్విఫ్ట్_సారథి

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ థాంక్స్. టైర్లు చూశాను, 1919. ఫ్యాక్టరీవే. ముందు రెండు, వెనక రెండు, నాలుగూ మార్పిస్తున్నా, బడ్జెట్ కొంచెం పెంచుకున్నా. ప్యాడ్లు మాత్రం రేసింగ్‌వి వేయించాలా?

వైజాగ్_మెకానికల్

వద్దు. పూర్తి రేసింగ్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు. అర్ధరాత్రి వానలో ఒంగోలు దగ్గర లారీ అడ్డమొస్తే నీకు ఆ మొదటి తొక్కుడే ముఖ్యం. కంపెనీవే కొత్తవి వేయించు, లేదా రోడ్డుకీ పనికొచ్చేలా కొంచెం ఎక్కువ వేడి తట్టుకునేవి. వేశాక 80 నుంచి 20 దాకా ఎనిమిది పదిసార్లు ఆగకుండా దించి, తర్వాత చల్లారేదాకా నడుపు. ప్యాడ్ డిస్కుకి కుదురుకుంటుంది.

ఇంజిన్ ఆయిల్ మార్పించి గరిష్ఠ గీత దగ్గర ఉంచు, దాటనివ్వకు. పొడుగాటి మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి తోసుకుపోతుంది. పెట్రోలు కూడా అంతే, సగం ట్యాంకు కంటే తగ్గనివ్వకు. హైవేలో ఇచ్చే మైలేజీలో మూడో వంతు వస్తుందనుకో.

స్విఫ్ట్_సారథి

వెళ్ళొచ్చాను. రాత్రి పదకొండుకి ఇల్లు చేరాను, ఇప్పుడే నిద్ర లేచాను.

ఐదు సెషన్లు దొరికాయి. పొద్దున గాలి 32 పెట్టాను, మొదటి సెషన్ అయ్యేసరికి ఎడమ ముందుది 38, కుడి ముందుది 37. చాక్‌పీసు గీత చూసుకుంటూ రెండు దించాను. రెండో సెషన్ తర్వాత చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో (నట్టు ఎంత బిగిసిందో కొలిచే పానా) చూస్తే వాటిలో ఒక నట్టు పావు మర వదులైంది. రెంచ్ కొనడం వృథా ఖర్చనుకున్నాను ముందు.

నాలుగో సెషన్లో పెడల్ ప్రయాణం కాస్త పొడుగైనట్టనిపించింది. గోదారి అన్నయ్య మాట గుర్తొచ్చి వెంటనే చల్లార్చుకుంటూ వచ్చేశాను. ఇరవై నిమిషాలాగితే మళ్ళీ గట్టిపడింది. ప్యాడ్లు కొత్తవి 10 మిల్లీమీటర్లుండేవి, ఇప్పుడు 7. నా పక్క పిట్‌లో రీమ్యాప్ చేయించిన అదే మోడల్ స్విఫ్ట్ ఉంది, పాత బ్రేక్ ఆయిల్‌తో మధ్యాహ్నానికే ఆపేసుకున్నారు. ఆ కుర్రాడికి నా దగ్గర మిగిలిన సగం డబ్బా ఇచ్చాను, పూటలోపే తీసిన డబ్బా కాబట్టి. సాయంత్రం చివరి సెషన్‌కి అతను కూడా వచ్చాడు.

లత గారూ, చూపు సంగతి నిజమే. మూడో సెషన్ నుంచి ట్రాక్ వెడల్పైనట్టు అనిపించింది.

రేపు ఆయిల్ మళ్ళీ బ్లీడ్ చేయిస్తున్నా. టార్క్ రెంచ్, గాలి గేజి, రెండు చెక్క దిమ్మలు నా దగ్గరున్నాయి. హైదరాబాద్ నుంచి ఎవరైనా వెళ్తుంటే మెసేజ్ పెట్టండి, ఉప్పల్‌లో తీసుకోవచ్చు.