మ్యాప్ రాయడానికి చుక్క చాలదా, బాణం గుర్తు కావాలా?

ప్రశ్న:
జేసన్ (పేరు-విలువ జతలుగా, లిస్టులుగా డేటా రాసే పద్ధతి) డేటా కోసం చిన్న క్వెరీ లాంగ్వేజ్, అంటే కావాల్సింది అడిగి తీసుకునే భాష, ఒకటి తయారుచేస్తున్నాం. లిస్టులో ఉన్న ప్రతి అంశం మీదా ఒకే పని చేయించడం, అంటే మ్యాప్, ఎలా రాయాలన్న దగ్గర మా టీమ్ రెండుగా చీలింది. 'ఆర్డర్లు.ధర' అంటే చాలు, ధరలన్నీ రావాలని నేనంటాను. 'ఆర్డర్లు.మ్యాప్(ఆ -> ఆ.ధర)' అని విడమరిచి రాయాలని మిగతావాళ్లు; ఇక్కడ 'ఆ' అంటే ఒక్కో ఆర్డర్. ఎక్స్‌ఎంఎల్ పత్రాల్లో వెతకడానికి 1999లో వచ్చిన ఎక్స్‌పాత్‌లో దారి రాస్తే ఆ దారిలో దొరికినవన్నీ వస్తాయి. అది ఎవరికీ అర్థం కాకుండా పోలేదు కదా?

జవాబు 1:
నేను ఒప్పుకోనండి. ఆ చుక్క చూసి అక్కడ ఒకటుందో వంద ఉన్నాయో ఎలా చెప్పగలం? ఎక్స్‌పాత్‌లో దారి రాస్తే ఎప్పుడూ నోడ్‌ల (పత్రంలోని భాగాల) సమూహమే వస్తుంది కాబట్టి చెల్లింది. జేసన్‌లో విడి విలువ వేరు, ఒకే విలువ ఉన్న లిస్టు వేరు. జేసొనాటా అనే జేసన్ క్వెరీ భాషలో చుక్కే మ్యాప్ చేస్తుంది, కానీ ఫలితం ఒక్కటే అయితే లిస్టు ఊడిపోయి విలువ మాత్రం మిగులుతుంది. లిస్టుగానే ఉంచమని చెప్పడానికి మళ్లీ ఖాళీ బ్రాకెట్లు పెట్టాలి. రెండు ఆర్డర్లతో టెస్ట్ చేసినవాడికి ఈ సంగతి తెలియదు. ఒక్క ఆర్డరే ఉన్న కస్టమర్ వచ్చిన రోజున తెలుస్తుంది. చదవడానికి తేలిక అంటే తక్కువ అక్షరాలని కాదు, చూసింది చూసినట్టు జరగడం.

జవాబు 2:
బాణం కూడా అంత అమాయకం కాదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 2013 నుంచీ '->' అంటే జేసన్‌లోంచి ఒక ఫీల్డ్ తీయడం. డక్‌డీబీ అనే మరో డేటాబేస్‌లో అదే గుర్తు ఫీల్డ్ తీయడం, పేరులేని చిన్న ఫంక్షన్ (లాంబ్డా) రాయడం అనే రెండు పనులూ చేసి చిక్కులు తెచ్చింది. అందుకే 2025లో పైథాన్ తరహాలో 'లాంబ్డా' అనే మాటే తెచ్చారు. మీది జేసన్ భాష, ఈ గొడవ మీకూ తప్పదు.
జేమ్స్‌పాత్ అనే ఇంకో జేసన్ క్వెరీ భాష దారి చూడండి: 'ఆర్డర్లు[*].ధర'. పొట్టిగానే ఉంది, చాలా ఉన్నాయన్న సంగతీ కంటికి కనిపిస్తోంది.

జవాబు 3:
ఏది పెట్టినా లిస్టు ముందు రావాలి, దానితో చేసే పని తర్వాత. డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్‌లో ఏం కావాలో చెప్పే సెలెక్ట్ మొదట రాస్తాం, కానీ అమలయ్యే వరసలో ఎక్కడి నుంచో చెప్పే ఫ్రమ్ ముందు. 2007లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన లింక్ (ప్రోగ్రామ్‌లోనే క్వెరీలు రాసే పద్ధతి) ఆ రాసే వరస తిప్పి ఫ్రమ్‌ని ముందు పెట్టింది, దాంతో ఎడిటర్ ఫీల్డ్ పేర్లు అందించగలిగింది. తెలుగు వాక్యంలోనూ క్రియ చివరే కదా!

ప్రశ్న వేసినవారు:
చుక్క ఒక్కటే చాలన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. లిస్టు ఊడిపోయే సంగతి నేను ఆలోచించనే లేదు. నక్షత్రం బాగుంది. కానీ 'ఆర్డర్లు[*].వస్తువులు[*].ధర' అంటే లిస్టులో లిస్టులు వస్తాయా, ఒకే వరసగా వస్తాయా? పైగా ప్రతి వస్తువు ధరనీ దాని ఆర్డర్‌కి ఉన్న డిస్కౌంట్‌తో గుణించాలంటే, లోపలికి వెళ్లాక ఆ ఆర్డర్‌ని ఏమని పిలవాలి?

జవాబు 2:
జేమ్స్‌పాత్‌లో నక్షత్రమైతే లిస్టులో లిస్టులు, ఖాళీ బ్రాకెట్లైతే ఒకే వరస. రెండూ ఉంచండి. ఇక బయటి ఆర్డర్ కావాలంటే దానికో పేరు పెట్టక తప్పదు. ఆ ఒక్కచోటికి 'ఆర్డర్లలో ప్రతి ఆ కి' లాంటి వాక్యరూపం ఇవ్వండి, బాణం వద్దు.