బోర్డు: చెక్క నుంచి సభ దాకా

ప్రశ్న: విమానం ఎక్కడాన్ని బోర్డింగ్ అంటారు. వసతి, భోజనం పెట్టి చదివించే బడినీ బోర్డింగ్ స్కూలనే అంటారు. సంస్థను నడిపే పెద్దల సభ బోర్డు, తరగతి గోడకు ఉన్నదీ బోర్డే. ఇదంతా ఒకే మాటా, లేక ఒకే స్పెల్లింగులో దాక్కున్న వేర్వేరు మాటలా? నిఘంటువులో అర్థాలకు వేసిన వరస అంకెలు చూస్తే తల తిరుగుతోంది. తెలిసినవారు కాస్త విడమరిచి చెప్పగలరా?

జవాబు: ఆ అంకెలను కాసేపు పక్కన పెట్టండి. అవి అర్థాలను వెతుక్కోవడానికి పనికొస్తాయి, గుర్తుపెట్టుకోవడానికి కాదు. ఈ మాటకు మొదటి అర్థం వెడల్పుగా, పలచగా కోసిన చెక్క. పాత ఇంగ్లిషు నాటికే అది వాడుకలో ఉంది. ఆ చెక్కను కాళ్ల మీద పరిస్తే భోజనాల బల్ల అయింది. మధ్యయుగాల ఇంగ్లండులో పెద్ద ఇళ్ల భోజనాల గదిలో బల్ల స్థిరంగా ఉండేది కాదు. వేళకు ఊతకాళ్లు నిలిపి, పైన చెక్కలు పరిచి, తిన్న తర్వాత తీసేసేవారు. కాబట్టి చెక్కకూ బల్లకూ ఒకే పేరు సరిపోయింది. తెలుగువాళ్లకు ఇది వింతగా అనిపించకూడదు. మనకూ బల్ల అంటే చెక్క పలకే, రాసుకునేదీ బల్లే, కూర్చునేదీ బల్లే. ఏరు దాటించే బల్లకట్టులో ఉన్నదీ ఆ బల్లే.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. బల్ల మీద ఉన్నది చూస్తే తిండి. బల్ల చుట్టూ ఉన్నవాళ్లను చూస్తే సభ. ‘బోర్డ్ అండ్ లాడ్జింగ్’ అంటే తిండి, బస. మీరడిగిన బోర్డింగ్ స్కూలు ఈ తిండి కొమ్మకు కాసిందే. హోటళ్లు ‘ఫుల్ బోర్డ్’ అంటే మూడు పూటల భోజనం, ‘హాఫ్ బోర్డ్’ అంటే సాధారణంగా ఉదయం ఫలహారం, రాత్రి భోజనం. సంస్థను నడిపే బోర్డు రెండో కొమ్మ. ఆలోచనకు కూర్చున్నవారికి వారి ముందున్న బల్ల పేరే వచ్చింది. సామాను పేరు సంస్థకు అంటుకోవడం యూరప్ భాషలకు మామూలే. బ్యాంకు వెనక ఇటాలియన్ బెంచీ ఉంది, బ్యూరో వెనక ఫ్రెంచి రాతబల్ల ఉంది. మనం మండలి అంటాం, అందులో ఉన్నది వలయం. వాళ్లు బల్లను చూశారు, మనం కూర్చున్న తీరును చూశాం. నాకైతే మన మాటే అందంగా తోస్తుంది, పక్షపాతం అనుకున్నా సరే.

దాపరికం లేని వ్యవహారాన్ని ‘అబవ్ బోర్డ్’ అనడం కూడా ఈ బల్ల నుంచే. పేకాటలో చేతులు బల్లకు పైన, అందరికీ కనబడేలా ఉంటే మోసానికి వీలు తక్కువ.

విమానం ఎక్కే బోర్డింగ్ సంగతి వేరు. పాత ఇంగ్లిషులో ఇదే రూపంతో ఓడ పక్కభాగం అనే అర్థం కూడా ఉండేది. అది చెక్క అర్థం నుంచే పుట్టిందా, వేరే మూలం నుంచి వచ్చి ఇందులో కలిసిపోయిందా అన్నది పండితులు తేల్చని వాదం. ఒకప్పుడు సముద్రయుద్ధాల్లో ఓడను బోర్డ్ చేయడమంటే శత్రువుల ఓడ పక్కకు చేరి, దాని మీదికి దూకడం. ఇప్పుడు అదే క్రియతో వరసలో నిలబడి బోర్డింగ్ పాసు చూపిస్తున్నాం! ఓడ కుడివైపుకు ‘స్టార్‌బోర్డ్’ అనే పేరు రావడానికి కారణం, చుక్కాని తెడ్డు ఆ పక్కన ఉండటమే. అందులో ఉన్నది నక్షత్రం కాదు, ‘స్టీర్’, అంటే ఓడను దారిలో నడిపించడం. ఎడమవైపును ‘లార్‌బోర్డ్’ అనేవారు. గాలి హోరులో రెండు కేకలూ ఒకేలా వినిపించి తికమక అయ్యేది. బ్రిటిష్ నౌకాదళం 1844లో లార్‌బోర్డ్‌ను మాన్పించి ‘పోర్ట్’ అనమంది.

చెక్క మాయమైనా పేరు మిగిలిన మాటలు కోకొల్లలు. కీబోర్డులో చెక్క లేదు, మదర్‌బోర్డులోనూ లేదు. డ్యాష్‌బోర్డు గుర్రపుబండి కాలం నాటిది. గుర్రాల కాళ్లు చిమ్మే బురద బండిలో కూర్చున్నవాళ్ల మీద పడకుండా ముందు అడ్డంగా బిగించిన పలక అది. తర్వాత కారులోకి, ఇప్పుడు కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. కప్‌బోర్డు మొదట తలుపులున్న అర కాదు, గిన్నెలు, పాత్రలు పేర్చిపెట్టే బల్ల. దాని ఉచ్చారణలో ‘ప’ పలకదు, ‘కబర్డ్’కు దగ్గరగా అంటారు.

‘బ్యాక్ టు ద డ్రాయింగ్ బోర్డ్’ మాత్రం చాలా కొత్తది. 1941లో న్యూయార్కర్ పత్రికలో వచ్చిన ఒక వ్యంగ్యచిత్రంతో వ్యాపించింది. కూలిన విమానం వైపు అందరూ పరుగెత్తుతుంటే, చంకలో నమూనా కాగితాలతో ఒకాయన తాపీగా ఇటు నడుస్తూ అనే మాట అది. మళ్లీ మొదటికి వచ్చాం అన్న అర్థంలో ఇవాళ వాడేవారిలో ఎంతమందికి ఆ విమానం గుర్తుందో!

మరో ప్రశ్న: చరిత్ర బాగుంది. కానీ రాసేటప్పుడు ‘ఆన్ బోర్డ్’ అనాలా, ‘ఆన్ ద బోర్డ్’ అనాలా?

జవాబు: రెండూ సరైనవే, చెప్పే సంగతి వేరు. ‘ద’ లేకపోతే ఓడలోనో విమానంలోనో ఉన్నారని అర్థం. ఒక ఆలోచనకు ఒప్పుకొని కలిసివచ్చారని కూడా చెప్పవచ్చు. ‘ద’ ఉంటే పాలకమండలిలో సభ్యులు, లేదా తరగతి గోడ మీద రాసి ఉన్న లెక్క. ఉద్యోగ దరఖాస్తులో ఆ ఒక్క చిన్న మాట జారిపోతే మండలి సభ్యులు కాస్తా ఓడ ప్రయాణికులవుతారు.

మండలి అర్థంలో క్రియ గురించి కూడా కొందరికి సందేహం ఉంటుంది. అమెరికన్లు ఏకవచనమే వాడతారు. బ్రిటిష్ వాడుకలో సభ్యులను విడివిడిగా తలచుకున్నప్పుడు బహువచనమూ చెల్లుతుంది. ఒకే వ్యాసంలో రెండూ కలపకండి, అంతే. ఇక ఎక్కడం అన్న అర్థంలో బస్సును, రైలును, ఓడను, విమానాన్ని బోర్డ్ చేయవచ్చు కానీ కారును చేయరు, దానికి ‘గెట్ ఇన్’ ఉంది.